అరుణక్క రెండో వేలు

“నా కొడుకు గుండు లెక్క తిరుగుతుండంగ మట్టె కోయించుకుంటవా? ఏమనుకుంటున్నవే నువ్వు?”

“కోయించుకుంట అని ఎవరన్నరత్తమ్మా? ఊడుతలేదు అంటున్న. గది ఉంటే వేలుకు పట్టీ ఎయ్యరాదంట.”

“ఎయ్యరాకపోతే ఊకోమను. ఉప్పు, పసుపు కాపడం పెడితే గదే తగ్గుతది.”

“నెల సంది పెడుతనే ఉన్నవ్ గద! తగ్గిందా మరి?”

అంతలో విమానం వచ్చింది. ఎయిర్‌పోర్టు పక్కనున్న తొండుపల్లిలో తగువులు ఒకే ఊపున సాగవు. నెత్తి మీద విమానం దిగుతుంటే ఎవరి మాట వాళ్ళకే వినపడదు. అందరూ నోరు మూసుకుని, అది పోయాక ఎక్కడ ఆపారో అక్కడే మళ్ళీ అందుకుంటారు. నా కిరాయి గదికీ అరుణక్క వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. చెవులు మూసుకున్నా వినపడుతుంది.

విమానం పోయింది. అత్త అనంతమ్మ అందుకుంది.

“నా కాళ్ళకు తీసిన్నాడు జూసిన. ఇగ నీ కాళ్ళకు తీసుడు గుడ జూడాల్నా?”

అనంతమ్మ భర్త పోయి పదకొండేళ్ళయింది. పదో రోజున నలుగురు ఆడవాళ్ళు ఆమెను కూర్చోబెట్టి కాలి మట్టెలు తీశారు. మట్టె తీయడమంటే ఆమెకు ఆ రోజు తప్ప ఇంకోటి తెలియదు.

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ మానేసింది అందుకే, ఇప్పుడు బండి మీద పార్సిళ్ళు వేస్తూ తిరిగేదీ అందుకే. లేచి వాళ్ళ గుమ్మంలోకి పోయాను. అరుణక్క మంచం మీద కూర్చుని కుడికాలు పీట మీద పెట్టుకుంది. బొటనవేలి పక్కనున్న రెండో వేలు ఉబ్బిపోయి, నేలకు ఆనకుండా పైకి లేచి ఉంది. వెండి మట్టె ఆ వాపులో సగం మునిగిపోయింది.

“పెద్దమ్మా, ఇట్లనే ఉంచితే ఏదో ఒకనాడు వేలు తీస్తరు. దాంతోపాటే మట్టె వస్తది. గప్పుడు ఖుషీనా?” అన్నాను.

“నడుమల నువ్వెవనివిరా?” అంది అనంతమ్మ.

న్యాయమైన ప్రశ్నే. నేను ఎవరినీ కాను. పక్క గదిలో ఉండేవాణ్ణి. కానీ మూడేళ్ళుగా నేను తింటున్న కూరల్లో సగం అరుణక్క గిన్నెలోంచి వచ్చినవే. అందుకని నిలబడ్డాను.

అరుణక్కకు ముప్పై నాలుగేళ్ళు. షాద్‌నగర్ పక్క పల్లెలో పుట్టింది. పదో తరగతి పాసయ్యాక అక్కడి ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించింది. పెళ్ళయి తొండుపల్లి వచ్చాక ఎయిర్‌పోర్టులో రెండేళ్ళు నేలలు తుడిచింది. ఆ తరువాత చక్రాల కుర్చీ తోసే పనిలోకి మారింది. నడవలేని ప్రయాణికులను విమానం తలుపు దాకా తీసుకుపోవడం, దిగినవాళ్ళను బయటి కారు దాకా తెచ్చి అప్పజెప్పడం. ఆరేళ్ళుగా అదే పని. భర్త వీరేందర్ గోదాములో ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు. చీకటితో పోయి చీకటితో వస్తాడు. మంచివాడే. ఇంటి తగువుల్లో మాత్రం ఆయన ఏ పక్కా మాట్లాడడు.

ఆ పని గురించి అరుణక్క చెబుతుంటే వినాలి.

“నాకు మొఖాలు యాదికుండయి తమ్మీ. మాడులు యాదికుంటయి. ఎనక నిలవడి తోస్త గద, నాకు కనవడేది గదే. భయపడ్డోళ్ళ మాడు మీద చెమట పోస్తది. గప్పుడు జర వంగి ముచ్చట పెట్టాలె.”

ఒకసారి ఒక ముసలమ్మ విమానం తలుపు కాడ చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకుందట. లోపలికి చెప్పులతో పోకూడదనుకుంది పాపం. వెనక వరసలో ఎవరో నవ్వారు. అరుణక్క నవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెప్పులు మళ్ళీ తొడిగి, “ఇది గుడి కాదమ్మా, పెద్ద బస్సు” అని చెప్పిందట. ఇలాంటివి ఆమె దగ్గర వందలున్నాయి. డబ్బాలకు మూతలు బిగించిన రోజుల గురించి మాత్రం ఒక్కటీ చెప్పదు.

వేలు ఎలా పాడైందో చెబుతాను. డ్యూటీలో నల్లబూట్లు తప్పనిసరి. కంపెనీ చెప్పిన రకం బూటు గట్టిగా ఉండి మట్టెను వేలికేసి నొక్కేది. మట్టె తీయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. బూటు మార్చాలన్నదే వచ్చింది. ఆరాంఘర్ ఫుట్‌పాత్ మీద ఒక నంబరు పెద్దవి, మెత్తటివి కొన్నది. అడుగు ఎంత పల్చన అంటే బూటును రొట్టెలా మడతపెట్టొచ్చు. “దూది లెక్క ఉన్నయి” అని సంబరపడి, తనతో పనిచేసే కుబ్రాకు కూడా అవే కొనిపించింది. మట్టె నొక్కుకోవడం ఆగింది. కానీ బూటు వంగినప్పుడల్లా వేళ్ళు కూడా వంగుతున్నాయని ఎవరు చూస్తారు?

ఎండాకాలం చివర్లో ఒక భారీ మనిషిని విమానం తలుపు నుంచి వాలుగా ఉండే వంతెన దారిలో ఎగువకు తోస్తోంది. ఇనుప అతుకు దగ్గర ముందు చక్రం ఇరుక్కుంది. ఒంటి బరువంతా కుడికాలి మునివేళ్ళ మీద వేసి తోసింది. అరికాలి కింద రబ్బరు తెగినట్టు చిన్న చప్పుడైందట. మట్టె కరిచిందనుకుని పని చేసుకుపోయింది. ఆ తరువాత మూడు వారాలు బూటులో రాయి పడ్డట్టే ఉండేది. రోజుకు నాలుగుసార్లు బూటు విప్పి దులిపేది. ఏమీ రాలేది కాదు. ఇంటికొస్తే అనంతమ్మ “నరం తప్పింది, లాగితే కూసుంటది” అని రోజూ సాయంత్రం ఆ వేలును పట్టి మెటికలు విరిచినట్టు లాగేది. ప్రేమతోనే లాగింది. వాపు రెండింతలైంది.

దవాఖానలో ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు, ఫిజియో దగ్గరికి పొమ్మన్నారు. ఆరాంఘర్‌లో శ్రావణ్‌కుమార్ అని ఒక ఫిజియో ఉన్నాడు. కోస్తా మనిషి, అందరినీ మీరు అంటాడు. ఆ రోజు జరిగింది అక్క చెప్పిందే రాస్తున్నాను.

“మీ చేతిలో ఉన్న ఆ కాగితం ఇలా ఇవ్వండమ్మా” అన్నాడట. అది బస్సులో కండక్టరు ఇచ్చిన జీరో టికెట్. ఆడవాళ్ళకు చార్జీ లేకపోయినా టికెట్ చించి ఇస్తారు కదా, అది. ఆ టికెట్‌ను ఎడమకాలి రెండో వేలి కింద పెట్టి, “గట్టిగా అదిమి పట్టండి” అని లాగాడు. టికెట్ చిరిగింది. మిగిలిన ముక్కను కుడికాలి వేలి కింద పెట్టి లాగాడు. వెన్న మీద నుంచి జారినట్టు జారి వచ్చేసింది.

“వేలు మొదట్లో, అరికాలి వైపు గట్టి పట్టీలాంటిది ఒకటి ఉంటుంది. లిగమెంటే అనుకోండి. వేలు పైకి లేచిపోకుండా పట్టుకునేది అదే. మీకది కొంత చిరిగింది. పూర్తిగా తెగలేదు, అదృష్టం. వేలును కిందికి వంచి పట్టీ వేద్దాం, గట్టి అడుగున్న బూటు వాడదాం, మానుతుంది. కానీ ఈ మట్టె తియ్యాలి. వాపులో ఇది ఉండగా నేను పట్టీ వెయ్యలేను. ఊడటం లేదు కాబట్టి కత్తిరించాలి. మీ ఇంట్లో అడిగి రండి.”

ఆ అడగడమే నేను గోడ ఇవతల విన్నది.

అడగడానికి ఎక్కువ రోజుల్లేవు కూడా. డ్యూటీ చూసే మంజూర్ భాయ్ అప్పటికే ఆమెను కుర్చీల పని నుంచి తప్పించి, కౌంటర్‌లో పేర్లు రాసే పనిలో కూర్చోబెట్టాడు. చెడ్డవాడు కాదు. ఉన్న మాట చెప్పాడు: “చూడు అరుణా, కౌంటర్ పోస్టు అక్టోబర్ దాకనే. దసరా రష్షుల నాకు తోసేటోళ్ళు కావాలె. ఒకటో తారీకు ర్యాంపు మీద కుర్చీ తోసి చూపియ్. తోస్తే నీ పని నీది. లేకుంటే నా చేతుల ఏం లేదు.” అప్పటికి జులై మధ్య. అక్కకు ఉన్నది పదకొండు వారాలు. అందులో ఒక వారం మట్టె దగ్గరే పోయింది.

చివరికి అనంతమ్మే దారి చెప్పింది. నేను అన్న మాటకు కాదు, నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున అరుణక్క కాలు నేల మీద పెట్టలేక గోడ పట్టుకుని నీళ్ళ బిందె దగ్గరికి పోవడం చూసింది. చూసి, చీర కొంగు దోపుకుని, “నడువు. షాద్‌నగర్ పోదాం. ఆ మట్టె జేసినాయననే అడుగుత” అంది.

ముగ్గురం బస్సెక్కాం. కండక్టరు వాళ్ళిద్దరికీ జీరో టికెట్లిచ్చి నాకు మాత్రం చార్జీ కొట్టాడు. “మొగోడివైనందుకు కట్టు” అని అనంతమ్మ నాతో మొదటి మాట మాట్లాడింది.

అవుసల బాలమల్లుది షాద్‌నగర్ బజారులో వెండి, బంగారం పని చేసే చిన్న కొట్టు. అరుణక్క పెళ్ళి మట్టెలు ఆయన చేతివే. కాలు తన పీట మీద పెట్టించుకుని అద్దం లోంచి చాలాసేపు చూశాడు.

“కొయ్యాల్నని ఎవరన్నరమ్మా? ఇది పోత పోసింది కాదు. తీగ చుట్టిన మట్టె. చుట్టిన చెయ్యికి ఇప్పరాదా?”

“ఇప్పినా తీసుడే గద” అంది అనంతమ్మ.

“పెద్దమ్మా, నాకు అరవై నాలుగేండ్లు. పాత మట్టెలిచ్చి కొత్తయి తొడుక్కునేటోళ్ళు దసరాకు ఇక్కడ లైను కడతరు. పాతది ఇప్పి కొత్తది తొడిగేదాక వేలు బోసిగనే ఉంటది గద. గా అరగంటల ఎవరి పెనిమిటికన్న ఏమన్న అయిందా? అయితే నా కొట్టు ముందు ధర్నా జేస్తుండె గద జనం.”

అనంతమ్మకు నవ్వు రాలేదు. కానీ కాదనీ అనలేదు. బాలమల్లు ఐస్ నీళ్ళ టబ్బు తెప్పించి అక్క కాలు అందులో పెట్టించాడు. వాపు కొంచెం దిగాక సన్నటి పటకారుతో తీగ కొస పట్టుకుని, ఒక్కో చుట్టు విప్పాడు. అక్క పళ్ళు బిగబట్టి నా భుజం గిచ్చింది. మూడో చుట్టు ఊడాక వేలి మీద ఎర్రటి గాడి మిగిలింది. పద్నాలుగేళ్ళ గాడి.

బాలమల్లు ఆ తీగను చిన్న రింగుగా వంచి అనంతమ్మ చేతిలో పెట్టాడు. “మానేదాక పుస్తెలతాడుకు గుచ్చుండ్రి. ఒంటి మీద ఉన్నట్టే గద.”

అనంతమ్మ దాన్ని కోడలి వైపు చాపింది. “నువ్వే గుచ్చుకో బిడ్డా. నేను ముట్టొద్దు.”

“ఎందుకు ముట్టొద్దు?”

“నీకు తెల్వదా?”

“నాకు తెల్వది,” అంది అరుణక్క. మెడలోంచి తాడు బయటికి తీసి పట్టుకుంది. “నా వేలు లాగింది నువ్వు. గిదీ నువ్వే గుచ్చు అత్తమ్మా.”

నాకు అలాంటి చోట నిలబడటం రాదు. బయటికి పోయి రోడ్డు మీద లారీలు చూశాను. లోపల ఎవరో ముక్కు చీదిన చప్పుడైంది. బాలమల్లే అయి ఉండొచ్చు.

తరువాత పది వారాలు మా ఇళ్ళ దగ్గర ఒక వింత నడిచింది. మామూలుగా ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు చెప్పులు బయట విడవమంటారు. అనంతమ్మ మాత్రం ఆవలి వీధికి వినపడేలా “చెప్పులేస్కోవే! ఉత్త కాళ్ళతోని తిరుగకు!” అని అరిచేది. శ్రావణ్‌కుమార్ వేలును కిందికి లాగి పట్టీ వేసి, ఇంట్లో కూడా గట్టి అడుగున్న చెప్పులే వేసుకోవాలన్నాడు. గొంతుక్కూర్చుని చేసే పనులు వద్దన్నాడు. దేవుడి అర ముందు తప్ప ఇల్లంతా చెప్పులతో తిరగడానికి అనంతమ్మ ఒప్పుకుంది. కూరగాయలు తరగడానికి కుర్చీ వేసింది. ఆరువారాల తరువాత కాలివేళ్ళతో గోళీలు ఏరమంటే, గోళీలు లేవని చింతగింజలు పోసింది. అక్క ఒక్కో గింజను వేళ్ళతో పట్టి గిన్నెలో వేసేది. మొదటి రోజు మూడు గింజలు. అనంతమ్మ పక్కన కూర్చుని, “గదిగో, గది జారింది, మళ్ళ ఎయ్యి” అని తొండి పట్టుకునేది.

ఆదివారం ఆదివారం టికెట్ పరీక్ష. అది నా పని. పొద్దున పార్సిళ్ళకు పోయేముందు వాళ్ళ గుమ్మంలో కూర్చుని, అక్క దాచిన జీరో టికెట్లలో ఒకటి వేలి కింద పెట్టి లాగేవాణ్ణి.

“జారిందా?”

“జారింది.”

“గట్టిగనే ఒత్తిన గద!”

“ఒత్తినవ్. జారింది.”

“ఒక్క మాట మంచిది చెప్పవేందిరా?”

“ఉన్నదే గద చెప్తున్న.”

నాలుగు ఆదివారాలు అలాగే జారింది. ఐదో వారం కొంచెం ఆగి జారింది. అక్కకు ఆ తేడా తెలియలేదు, నా వేళ్ళకు తెలిసింది. ఏడో ఆదివారం టికెట్ అంచు చిరిగింది. అప్పుడు కూడా నేను పొగడలేదు. “అంచు చిరిగింది” అన్నానంతే. అనంతమ్మ ఆ చిరిగిన ముక్కను తీసుకుపోయి దేవుడి అరలో పెట్టింది. బతుకమ్మ రోజుల్లో అక్క ఆడలేదు. చుట్టూ తిరిగేవాళ్ళ మధ్య కుర్చీ వేసుకుని చప్పట్లు కొట్టింది. ఎవరో ఏదో అనబోతే “నా కోడలు ఒకటో తారీకు ఆడుతది, గప్పుడు జూడుండ్రి” అంది అనంతమ్మ.

ఒకటో తారీకు నేనే బండి మీద దింపాను. బయటి పికప్ వైపు ర్యాంపు కాబట్టి రెయిలింగ్ దగ్గర నిలబడి చూడనిచ్చారు. మంజూర్ భాయ్ ఖాళీ కుర్చీ తెచ్చి, తనే అందులో కూర్చున్నాడు. తొంభై కిలోలకు తక్కువ ఉండడు.

“చలో అరుణా. నన్ను ముంబై పంపియ్.”

అక్క కొత్త బూట్లు గట్టివి. మునివేళ్ళ మీద లేవకుండా, పాదం మొత్తం ఆనించి, కుర్చీకి ఒంటిని దగ్గరగా పెట్టి, చిన్న చిన్న అడుగులతో తోసింది. శ్రావణ్‌కుమార్ నేర్పింది అదే. సగం ఎత్తుకు పోయాక ఆగిపోయింది.

అక్క బ్రేకు వేసి ముందుకు వంగింది. “భాయ్, కాళ్ళు కింద ఆనుతున్నయి. జర పైన పెట్టుకో. లేకుంటే ముంబైకి నువ్వొక్కనివే వోతవ్, నీ కాళ్ళు హైదరాబాద్‌లనే ఉంటయి.”

మంజూర్ భాయ్ కాళ్ళు ఎత్తి పలక మీద పెట్టుకున్నాడు. అక్క పైదాకా తోసి, కుర్చీని తిప్పి, వెనక్కి నడుస్తూ కిందికి కూడా దింపింది. అతను లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

“నేను కావాల్ననే కింద పెట్టిన. చూస్తవా లేదా అని. నిన్న కొత్తగ వచ్చిన ఇద్దరు చూడలే. రేపటి సంది డ్యూటీ ఎక్కు.”

అవతల నిలబడ్డ కుబ్రా “అక్కా!” అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఈ మూడు నెలలూ అక్క తోయాల్సిన కుర్చీలు కూడా తనే తోసింది. వచ్చి మెడకు చుట్టుకుంది. అక్క నవ్వుతూనే కిందికి చూసింది. చూసి, నవ్వు ఆపేసింది. కుబ్రా కాళ్ళకు అవే మెత్తటి ఆరాంఘర్ బూట్లు. కుడిపాదం అంచు మీద నిలబడి ఉంది.

“ఎన్ని రోజుల సంది?” అంది అక్క.

“ఏంది?”

“కాలు.”

“అరె, ఏం లేదక్కా. బూటుల రాయి పడ్డది.”



తిరిగి వచ్చేటప్పుడు అక్క బండి వెనక కూర్చుంది. అనంతమ్మకు ఫోన్ చెయ్యలేదా అన్నాను. చేశానంది. అత్తమ్మ ఏమందన్నాను. “ఏడ్చింది, చెప్పులేసుకున్నవా అని అడిగింది” అంది. విమానం ఒకటి మా మీదుగా దిగింది. ఇద్దరం ఆగాం. అది పోయాక నా భుజం తట్టింది.

“తమ్మీ, ఒక్క పని జేస్తవా?”

“చెప్పు.”

“గా బూట్లు దానికి కొనిపిచ్చింది నేనే. రేపు పొద్దుగాల కుబ్రాను ఇంటికి రమ్మన్న. బస్సుల వస్తది, టికెట్ దాని చేతులనే ఉంటది. దాని వేలు కింద పెట్టి నువ్వు లాగు. నేనైతే జారినా జారలేదనే అంట, నిజం నా నోటికి రాదు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు.”